సొరుగులోని పేర్ల కార్డులు

విదేశీ వార్తల డెస్కు అనగానే పాతతరం వాళ్లకు మొదట టెలిప్రింటర్ చప్పుడు గుర్తొస్తుంది, ఆ తర్వాత అట్లాసు. ఎన్నో చేతులు మారి అట్ట ఊడిపోయి, బల్లమీద పెడితే చాలు పశ్చిమాసియా పేజీ దగ్గర తనంతట తానే తెరుచుకునే అట్లాసు. దాని పక్కన ఒక చెక్క సొరుగు. అందులో 5 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు ఉన్న అట్టకార్డులు అకారాది క్రమంలో నిలబెట్టి ఉండేవి. ఒక్కో కార్డు మీద ఒక్కో ఊరు, దేశం, సముద్రం, కొండ.

ఆ సొరుగులు ఇప్పుడు కనిపించవు. ఫలానా సముద్రాన్ని ఏమని రాయాలి, ఫలానా రాజధానిని ఏమని పిలవాలి అనే వాదన డెస్కుల్లో ఏటా కొత్తగా మొదలవుతూనే ఉంటుంది. అలాంటప్పుడల్లా మనసు ఆ కార్డుల మీదికే పోతుంది. పేరుతోపాటు ఆ పేరును ఎందుకు ఖాయం చేశారో కూడా వాటిమీద రాసి ఉండేది మరి.

కార్డు పైగీత మీద తెలుగు రూపం ఉండేది, ఎర్రసిరాతో. పక్కనే విభక్తి చేరిన రూపం: రంగూనుకు, ఢిల్లీకి, మాస్కోలో. రెండో గీత మీద వార్తా ఏజెన్సీలు పంపే ఇంగ్లిష్ స్పెల్లింగులన్నీ, తప్పులతో సహా. మూడో గీత మీద ఆ పేరును ఎవరు వాడతారు, ఎవరు ఒప్పుకోరు. ఆ కింద తేదీ. అట్టడుగున కారణం, ఒకే ఒక్క వాక్యంలో. కార్డు తిప్పితే పాతపేర్లు, వాటిని ఏ సందర్భాల్లో మార్చకుండా ఉంచాలన్న గుర్తులు. పేరు మారినా కార్డును చింపడం ఉండేది కాదు. పాతపేరు మీద ఒక అడ్డగీత కొట్టి, దాని కింద కొత్తపేరు రాసేవారు. కొట్టేసినది కూడా చదవగలిగేలా ఉండాలని ఆ గీతను సన్నగా గీసేవారు.

ఇంకో జాగ్రత్త ఉండేది. పాతపేరు మొదలయ్యే అక్షరం దగ్గర 'ఫలానా చూడండి' అని మరో కార్డు పెట్టాలి. 1979 జనవరి 1 నుంచి చైనా తన విదేశీ ప్రచురణల్లో పిన్యిన్ పద్ధతిని, అంటే చైనా మాటలను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతిని, అమలు చేసింది. పెకింగ్ కాస్తా బీజింగ్ అయింది, కాంటన్ గ్వాంగ్‌జౌ అయింది. ఇంగ్లిష్‌లో అది స్పెల్లింగు మార్పు. తెలుగు సొరుగులో అయితే కార్డు 'ప' నుంచి 'బ'కు, 'క' నుంచి 'గ'కు వెళ్లాలి. ఫొటోల కవర్లు, పాత క్లిప్పింగుల కట్టలు కూడా దాని వెంట కదలాలి. ఈ 'చూడండి' కార్డు పెట్టకపోతే 1979కి ముందువి ఒకచోట, తర్వాతివి మరోచోట పడి, రెండోచోట వెతికినవాళ్లు 'పాత ఫొటోలేమీ లేవు' అని తేల్చేసేవారు. ఆ కార్డు వెనకవైపు ఇంకో మాట ఉండాలి: పెకింగ్ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్‌లో తన పేరు మార్చుకోలేదు, దాన్ని బీజింగ్ విశ్వవిద్యాలయంగా దిద్దవద్దు.

టెలిప్రింటర్ వల్ల వచ్చే చిక్కులు వేరు. దాని సంకేతంలో అక్షరానికి ఐదు ముక్కలే, అంటే 32 కలయికలు. వాటితోనే అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు అన్నీ నడవాలి. అందుకే ఒక మీట నొక్కితే అక్షరాలు, మరోటి నొక్కితే అంకెలు వచ్చేలా ఏర్పాటు. వచ్చేవన్నీ పెద్దక్షరాలే. అక్షరాల నెత్తిన ఉండే టోపీలు, చుక్కలు లైను దాటి వచ్చేవి కావు. ఒక దేశం తన పేరుకోసం ఏ చుక్క మీద పట్టుబట్టిందో ఆ చుక్క డెస్కుకు చేరేదే కాదు. లైను కాస్త చెడి మీట సంకేతం ఒక్కటి జారిపోతే అక్షరాలన్నీ అంకెలైపోతాయి. పెరూ దేశం పేరు 0347గా వచ్చి పడుతుంది, ఎందుకంటే ఆ నాలుగు అక్షరాలూ కీబోర్డు పైవరసలోవే, అంకెలతో మీటలు పంచుకున్నవే. అనుభవమున్న సబ్ఎడిటర్లు పైవరసను గుర్తు తెచ్చుకుని వెనక్కి చదివేవారు. అలా ఊహించి చదివిన పేరును వెంటనే కంపోజింగుకు పంపకుండా రెండో ఏజెన్సీ కాపీ వచ్చేదాకా పక్కన పెట్టడం నియమం.

ఇదంతా యంత్రం పని. అసలు కష్టం లిపి మార్చడంలో ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగు ఎవరి ఉచ్చారణకోసం పుట్టిందో తెలియకుండా దాన్ని తెలుగులోకి దించితే లేని ధ్వనులు వచ్చి చేరతాయి. మయన్మార్ చివరి 'ర్' అలాంటిదే. బ్రిటిష్ ఉచ్చారణలో పదం చివరి 'ర్' పలకదు, ముందున్న అచ్చును దీర్ఘం చేస్తుంది. ఆ దేశస్తులు పలికేది దాదాపు 'మ్యన్‌మా'. మనం అక్షరాలను నమ్మి 'మయన్మార్' అని స్థిరపరిచాం. ఇప్పుడది తెలుగుపేరు అయిపోయింది, మార్చనక్కర్లేదు. బర్మా, మయన్మార్ రెండూ మూలంలో ఒకే మాటకు రెండు రూపాలనీ, ఒకటి వాడుకలోది, రెండోది గ్రాంథికమనీ తెలిసి ఉంటే మాత్రం మేలు. 1989లో సైనిక ప్రభుత్వం పేరు మార్చినప్పుడు వచ్చిన గొడవ భాష గురించి కాదు, ఎవరిని అడిగి మార్చారన్నదాని గురించి. ప్రజాస్వామ్య ఉద్యమం బర్మా అనే పేరునే పట్టుకుంది. ఐక్యరాజ్యసమితి మయన్మార్ అంది. అమెరికా ప్రభుత్వం బర్మా అంటూనే ఉండిపోయింది. అమెరికా వార్తా ఏజెన్సీ అసోసియేటెడ్ ప్రెస్ 2006లో మయన్మార్‌కు మారింది. ఇన్నేళ్లపాటు ఒకే రోజు ఒకే సంఘటన రెండు దేశాల పేర్లతో డెస్కుకు వచ్చేది. కొత్తగా చేరినవాళ్లు అవి రెండు వార్తలనుకుని రెండూ వేసిన పేజీలు ఉంటాయి. రంగూన్, యాంగోన్ విషయంలోనూ అంతే. దాంతో మరో ఉచ్చు కూడా ఉంది: 2005 చివర్లో ప్రభుత్వం నేపిడాకు తరలడం మొదలైంది, కానీ వార్తల డేట్‌లైన్ మాత్రం యాంగోన్ అనే వచ్చేది. డేట్‌లైన్ చూసి 'రాజధాని యాంగోన్‌లో' అని రాస్తే తప్పు. డేట్‌లైన్ విలేకరి ఎక్కడున్నాడో చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు.

ఇంగ్లిష్ పత్రికలను కుదిపేసిన పేరు తెలుగును కదిలించకపోవడం కూడా ఉంది. ఉక్రెయిన్ రాజధానికి రష్యన్ రూపంనుంచి వచ్చిన స్పెల్లింగును వదిలి, 1995లో ఉక్రెయిన్ ఖాయం చేసిన స్పెల్లింగును వాడాలని ఆ దేశం ఏళ్ల తరబడి అడిగింది. 2019లో అమెరికా భౌగోళిక నామాల బోర్డు, అసోసియేటెడ్ ప్రెస్, బీబీసీ వరసగా మారాయి. తెలుగులో 'కియెవ్' అని రాసినవాళ్లు 'కీవ్' అంటే సరిపోయింది. అప్పటికే 'కీవ్' రాస్తున్నవాళ్లు ఏమీ చేయనక్కర్లేకపోయింది. అసలు మార్పు ఉన్నది మిగతా ఊళ్లలో: ఖార్కోవ్ ఖార్కివ్ కావాలి, ల్వోవ్ ల్వివ్ కావాలి, నికొలాయెవ్ మికొలాయివ్ కావాలి. రాజధానిని మార్చి వీటిని మరిచిపోతే ఒకే వార్తలో సగం ఊళ్లు ఉక్రెయిన్ భాషలో, సగం రష్యన్‌లో ఉంటాయి. చదువరికి అది అచ్చుతప్పులా కనిపిస్తుంది, ఆ ఊరివాళ్లకు మాత్రం పక్షం తీసుకున్నట్టే ఉంటుంది.

సొరుగులో అన్నిటికంటే నలిగిన కార్డు గల్ఫ్‌ది. ఇరాన్‌కూ అరబ్ దేశాలకూ మధ్యనున్న ఆ జలాలు పాత భూగోళ పుస్తకాల్లో పర్షియా సింధుశాఖ. 1935లో ఆ దేశం తనను పర్షియా అని కాక ఇరాన్ అని పిలవమని ప్రపంచాన్ని కోరింది, సముద్రం పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1960ల్లో అరబ్ జాతీయవాదం ఉప్పొంగిన రోజుల్లో 'అరేబియన్ గల్ఫ్' అనే పేరు అరబ్ ప్రభుత్వాల్లో స్థిరపడింది. ఐక్యరాజ్యసమితి సచివాలయం తన పత్రాల్లో పర్షియన్ గల్ఫ్ అనే రాస్తుంది. అమెరికా భౌగోళిక నామాల బోర్డు మాటా అదే. ఆ అమెరికా నౌకాదళమే ప్రకటనల్లో అరేబియన్ గల్ఫ్ అంటుంది, దాని అయిదో నౌకాదళ స్థావరం బహ్రెయిన్‌లో ఉంది కాబట్టి. ఒకే ప్రభుత్వంలోని రెండు విభాగాలు రెండు పేర్లు రాస్తున్నాయంటే, 'అమెరికా ఏమంటుందో అదే రాద్దాం' అనే సులువైన దారి మూసుకుపోయినట్టే.

తెలుగు డెస్కుకు ఇక్కడ సొంత ప్రమాదం ఒకటుంది. నౌకాదళ ప్రకటనలోని అరేబియన్ గల్ఫ్‌ను తొందరలో 'అరేబియా సముద్రం' అని రాసేస్తారు. అరేబియా సముద్రం మన పడమటి తీరాన ఉన్నది. ఆ రెంటికీ మధ్య హోర్ముజ్ జలసంధి, ఒమన్ సింధుశాఖ ఉన్నాయి. ఒక్క మాట జారితే యుద్ధనౌక జలసంధి దాటి వందల కిలోమీటర్లు ఇవతలికి వచ్చేస్తుంది. కార్డు వెనక దీన్ని పెద్దక్షరాలతో రాసి కింద రెండు గీతలు కొట్టేవారు.

'ఏ గొడవా లేకుండా ఉత్త గల్ఫ్ అనేద్దాం' అన్నది అందరికీ వచ్చే ఆలోచన. తెలుగులో అది కొంతవరకు నడుస్తుంది, ఎందుకంటే మనకు గల్ఫ్ అంటే ముందుగా తోచేది అక్కడి దేశాలు, అక్కడి కొలువులు. అయితే ఆ దారిలోనూ ముళ్లున్నాయి. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్ అట్లాసు పర్షియన్ గల్ఫ్ పేరు కింద చిన్నక్షరాల్లో రెండో పేరు చేర్చినందుకు ఇరాన్ ఆ సంస్థ ప్రచురణలను నిషేధించింది. 2006లో ఎకనమిస్ట్ పత్రిక తన పటంలో విశేషణమేమీ లేకుండా గల్ఫ్ అని మాత్రమే వేసినందుకు ఆ సంచికకు కూడా అదే గతి పట్టింది. 2010లో ఇరాన్, విమానంలోని తెరమీద అరేబియన్ గల్ఫ్ అని చూపే సంస్థలను తన గగనతలంలోకి రానివ్వనంది. ఆ ఏడాది టెహ్రాన్‌లో జరగాల్సిన ఇస్లామిక్ సంఘీభావ క్రీడలు పతకాల మీద ముద్రించిన పేరు దగ్గరే ఆగి రద్దయ్యాయి. పేరు ఎగ్గొట్టడం కూడా ఒక పక్షమే అని ఇరాన్ భావించింది. అందుకే ఆ కార్డు మీది నియమం ఇలా ఉండాలి: సముద్రం గురించి రాసేటప్పుడు పర్షియన్ గల్ఫ్, దేశాల సమూహం గురించి రాసేటప్పుడు గల్ఫ్ దేశాలు, ఎవరైనా మాట్లాడింది ఉటంకిస్తే వాళ్ల నోట వచ్చిన పేరే. ఉటంకింపులోని పేరును దిద్దడం అన్నిటికంటే పెద్ద తప్పు. అరబ్ మంత్రి నోట పర్షియన్ గల్ఫ్ అనిపిస్తే ఆయన అనని మాట ఆయనకు అంటగట్టినట్టే.

పటం సంగతి ఇంకా కష్టం. వార్తలో అయితే 'అరబ్ దేశాలు మరో పేరుతో పిలిచే' అని ఒక వాక్యం చేర్చవచ్చు. పటంలో నీళ్లమీద రెండు అంగుళాల జాగా ఉంటుంది, అంతే. ట్రేసింగు కాగితం మీద ఇండియన్ ఇంకుతో గీసి, అచ్చక్షరాలు కత్తిరించి అతికించి బ్లాకుకు పంపిన రోజుల్లో, బ్లాకు తయారయ్యాక పేరు మార్చాలంటే మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే. అందుకని ఏ పేరు పటంలోకి వెళ్లాలో గీత మొదలెట్టకముందే చీటీ రాసి ఇవ్వాలి. వార్తకు అవసరం లేని పేరును పటంలో అసలు పెట్టకపోవడం ఇంకో పద్ధతి. చమురు ఓడ ఎక్కడ ఆగిందో చూపడానికి జలసంధి పేరు చాలు.

కొరియాకు, జపాన్‌కు మధ్యనున్న సముద్రం ఇంకో పెద్ద తగాదా. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ 1920ల చివర సముద్రాల హద్దుల పుస్తకం మొదటిసారి వేసినప్పుడు అందులో జపాన్ సముద్రం అని నమోదైంది. అప్పటికి కొరియా జపాన్ పాలనలో ఉంది, ఆ బల్లముందు కూర్చుని మాట్లాడే స్థితిలో లేదు. ఆ పుస్తకం 1953 నాటి ముద్రణ దగ్గరే ఆగిపోయింది. 1992లో భౌగోళిక నామాల మీద జరిగిన ఐక్యరాజ్యసమితి సమావేశంలో కొరియా ఈ విషయం లేవనెత్తింది. వాళ్లు 'తొంఘే' అంటారు, అంటే తూర్పు సముద్రం. జపాన్ ఒప్పుకోలేదు. చివరికి 2020లో ఆ సంస్థ, కొత్తగా చేసే డిజిటల్ పట్టికలో సముద్రాలకు పేర్లకు బదులు అంకెలు ఇద్దామని నిర్ణయించింది. ఓడల కంప్యూటర్లకు అంకె చాలు. పత్రికకు చాలదు కదా.

తెలుగులో ఆ కొరియా పేరును అనువదించి 'తూర్పు సముద్రం' అని రాస్తే చిక్కు మూడింతలవుతుంది. చైనావాళ్లు తూర్పు చైనా సముద్రాన్ని తమ భాషలో 'తూర్పు సముద్రం' అనే అంటారు. వియత్నాం వాళ్లు దక్షిణ చైనా సముద్రాన్ని 'తూర్పు సముద్రం' అంటారు. ఎవరి తీరాన నిలబడి చూస్తే వాళ్ల తూర్పు. అందుకని ఈ పేరు ఒంటరిగా రాయకూడదు. 'జపాన్ సముద్రం, దక్షిణ కొరియా తూర్పు సముద్రంగా పిలిచేది' అని మొదటి ప్రస్తావనలో చెప్పితీరాలి. ఇదే వరసలో ఫిలిప్పీన్స్ 2012లో అధికారికంగా ప్రకటించిన 'పశ్చిమ ఫిలిప్పీన్ సముద్రం' ఉంది. దాన్ని దక్షిణ చైనా సముద్రానికి మారుపేరుగా రాయడం రోజూ కనిపించే పొరపాటు. అది ఆ సముద్రంలో ఫిలిప్పీన్స్ తనదని చెప్పుకునే భాగం మాత్రమే. ఇండొనేసియా 2017లో పెట్టిన 'ఉత్తర నటునా సముద్రం' కూడా అంతే, ఒక మూల మాత్రమే.

పేరును అనువదించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా? తెలుగు డెస్కుల్లో దీనికి ఒకే సూత్రం ఎప్పుడూ లేదు, ఉండాలనుకోవడం కూడా దండగ. ఎర్రసముద్రం, నల్లసముద్రం, మృతసముద్రం మన పాఠ్యపుస్తకాల్లోనే అనువాదమై వచ్చాయి. దిక్కులు అనువదిస్తాం: ఉత్తర కొరియా, దక్షిణాఫ్రికా. 'న్యూ' అనువదించం: న్యూజిలాండ్ న్యూజిలాండే. కోత్ దివ్వార్ 1980ల నడుమ తన పేరును ఏ భాషలోకీ అనువదించవద్దని, ఫ్రెంచి రూపమే వాడాలని కోరింది. అంతవరకు ఇంగ్లిష్ అనువాదమైన ఐవరీ కోస్ట్‌నే మనమూ రాశాం, అది మన అనువాదం కూడా కాదు, ఎరువు తెచ్చుకున్నది. తిమోర్ కథ ఇంకా వింత. మలయ్ భాషలో ఆ మాటకు మూలార్థమే తూర్పు. తూర్పు తిమోర్ అంటే తూర్పు తూర్పు. 2002లో స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లు పోర్చుగీసులో తిమోర్ లెస్తె అని పెట్టుకున్నారు, దాని అర్థమూ అదే.

దిక్కు చేరడం వల్ల ఒక దేశం తగాదా తీరింది. యుగోస్లావియా విడిపోయాక 1991లో మాసిడోనియా స్వతంత్రమైంది. తన ఉత్తర ప్రాంతం పేరు కూడా అదేనని, థెస్సలొనీకి అందులోనే ఉందని గ్రీస్ అభ్యంతరం చెప్పింది. 1993లో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని 'పూర్వ యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్' అనే తాత్కాలికపు పేరుతో చేర్చుకుంది. సభలో కుర్చీ ఎక్కడ వేయాలన్నది కూడా గొడవే. ఇంగ్లిష్ 'ఎమ్' అక్షరం దగ్గర వేస్తే మాసిడోనియా అని ఒప్పుకున్నట్టు, 'పూర్వ' అనే మాటకు ఇంగ్లిష్‌లో మొదటి అక్షరమైన 'ఎఫ్' దగ్గర వేస్తే పాతదేశంతో కట్టేసినట్టు. చివరికి ఆ పొడుగుపేరు ముందుండే ఇంగ్లిష్ ఉపపదం పట్టుకుని 'టీ' అక్షరం వరసలో కూర్చోబెట్టారు. ఆ ఆరేడు మాటల పేరు సింగిల్ కాలమ్ హెడ్డింగులో పట్టేది కాదు. హెడ్డింగులో మాసిడోనియా, లోపల మొదటి పేరాలో పూర్తి పేరు అనే సర్దుబాటుతో పాతికేళ్లు గడిచాయి. 2018 జూన్‌లో ప్రెస్పా ఒప్పందం కుదిరి, 2019 ఫిబ్రవరిలో అది ఉత్తర మాసిడోనియా అయింది. కార్డు మీద రాయాల్సిన ముఖ్యమైన మాట ఇక్కడుంది: దేశం పేరే మారింది, ఒప్పందం ప్రకారం భాష మాత్రం మాసిడోనియన్‌గానే ఉంది. 'ఉత్తర మాసిడోనియన్ భాష' అని రాస్తే లేని భాషను పుట్టించినట్టు.

రెండు పేర్లూ బతికే ఊళ్లకు బీబీసీ పాటించే పద్ధతి బాగుంటుంది. ఉత్తర ఐర్లండ్‌లో 1613 నాటి రాజపత్రం ఒక ఊరికి లండన్ అని ముందు తగిలించింది. లండన్‌డెరీ అంటే ఒక వర్గం, డెరీ అంటే మరో వర్గం. నగరపాలక మండలి 1984లో తన పేరు డెరీగా మార్చుకుంది. ఊరి చట్టబద్ధమైన పేరు మాత్రం లండన్‌డెరీయేనని 2007లో హైకోర్టు చెప్పింది. బీబీసీ మొదటి ప్రస్తావనలో లండన్‌డెరీ అని, తర్వాత డెరీ అని రాస్తుంది. ఐక్యరాజ్యసమితి పత్రాల్లో ఫాక్‌లాండ్ పక్కన కుండలీకరణాల్లో మాల్వినాస్ ఉంటుంది. ఆ దీవులకోసం బ్రిటన్, అర్జెంటీనా పోరాడిన 1982 యుద్ధం రోజుల్లో, వాటి రాజధాని స్టాన్లీకి అర్జెంటీనా పెట్టిన పేరు వేరు. లండన్ కాపీ, బ్యూనస్ ఐరిస్ కాపీ పక్కపక్కన పెట్టుకుంటే రెండు ఊళ్లు పడిపోయినట్టుండేది. ఆ మాల్వినాస్ అనే పేరైనా స్పానిష్‌ది కాదు, సెయింట్ మాలో రేవునుంచి వచ్చిన ఫ్రెంచి నావికులు పెట్టినదాని నుంచి పుట్టింది. అసలు హక్కుదారు ఎవరో పేరు మూలం చూసి తేలుద్దామనుకునేవాళ్లు ఈ కార్డు చదవాలి.

ఇక కాలం నియమం. సంఘటన జరిగిన నాటి పేరు, ఇవాళ్టి పేరు వేరైనప్పుడు నాటి పేరునే రాయాలి, అవసరమైతే పక్కన 'ఇప్పటి ఫలానా' అని చేర్చాలి. రెండో ప్రపంచయుద్ధంలో ముట్టడి జరిగింది లెనిన్‌గ్రాడ్‌కు, 1991లో పాతపేరు తిరిగి తెచ్చుకున్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు కాదు. ఊరు మారినా దాని చుట్టూ ఉన్న ప్రాంతం ఇప్పటికీ లెనిన్‌గ్రాడ్ ఓబ్లాస్టే. యుద్ధం జరిగింది స్టాలిన్‌గ్రాడ్‌లో, ఆ ఊరు 1961లో వోల్గోగ్రాడ్ అయింది. మన దగ్గర ముంబయి 1995లో, చెన్నై 1996లో వచ్చాయి. బొంబాయి హైకోర్టు, మద్రాసు హైకోర్టు మాత్రం ఆ పేర్లతోనే ఉన్నాయి.

కంప్యూటర్లు వచ్చి వెతికి మార్చే సదుపాయం చేతికందాక ఈ నియమమే ముందుగా దెబ్బతింది. ఒక్క నొక్కుతో మద్రాసు అన్నచోటల్లా చెన్నై అయిపోతుంది, చెన్నై హైకోర్టుతో సహా. దానికి తోడు తెలుగు విభక్తులు. 'మద్రాసుకు' అన్నది 'చెన్నైకు' అవుతుంది, 'మద్రాసును' అన్నది 'చెన్నైను' అవుతుంది. ఇ, ఈ, ఐలతో ముగిసే పేర్లకు కి, ని రావాలని యంత్రానికి తెలియదు. పాత కార్డు మీద విభక్తి రూపం ఎందుకు రాసేవారో అప్పుడు అర్థమైంది. ఇంకో కనబడని చిక్కు ఉంది. 'కీవ్‌లో' అని టైపు చేసేటప్పుడు పొల్లుకూ తర్వాతి హల్లుకూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టాలి. లేకపోతే ఆ రెండూ కలిసిపోయి 'కీవ్లో' అని ఒత్తు పడుతుంది. పేరు మధ్యలో పొల్లు ఉంటే ఇది ఇంకా తిప్పలు పెడుతుంది: 'ఫాక్‌లాండ్' అని ఒకరు, 'ఫాక్లాండ్' అని ఒకరు కొడతారు, ఒకదానికోసం వెతికితే రెండోది దొరకదు. యూనికోడ్‌కు ముందు వాడిన అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లయితే యూనికోడ్‌లో కొట్టి ఎంత వెతికినా చేతికి రావు. అందుకే పేరు మార్పు వచ్చినప్పుడు ఒక్కో రూపాన్నీ విడిగా వెతికి, ఒక్కో చోటా కంటితో చూసి మార్చడం తప్ప దగ్గరిదారి లేదు.

ఈ మధ్యకాలంలో పాత సొరుగు అవసరం బలంగా తోచింది 2025లో. జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒకే ఉత్తర్వులో రెండు పేర్లు మార్చారు. అలాస్కాలోని 6,190 మీటర్ల డెనాలి మళ్లీ మెకిన్లీ అయింది, మెక్సికో సింధుశాఖ అమెరికా సింధుశాఖ అయింది. ఆ కొండ కథ పాతదే. అలాస్కా రాష్ట్రం 1975లోనే డెనాలి పేరు అడిగింది. అమెరికా కాంగ్రెస్ ముందు బిల్లు పెండింగులో ఉన్న పేరు జోలికి పోకూడదన్నది భౌగోళిక నామాల బోర్డు నియమం. కొండకు పేరిచ్చిన మాజీ అధ్యక్షుడు మెకిన్లీ సొంతరాష్ట్రం ఒహాయో సభ్యుడు రాల్ఫ్ రెగ్యులా దాన్ని వాడుకుని, బిల్లు మీద బిల్లు పెడుతూ దశాబ్దాలపాటు నిర్ణయం ఆపించారు. 2015లో ఒబామా ప్రభుత్వం డెనాలి చేసింది, పదేళ్లకు మళ్లీ తిరగబడింది. చుట్టూ ఉన్న జాతీయ ఉద్యానం పేరు మాత్రం డెనాలియే.

అసోసియేటెడ్ ప్రెస్ ఆ రెండు మార్పులనూ ఒకే గాటన కట్టలేదు. కొండ పూర్తిగా అమెరికా భూభాగంలో ఉంది, పేరు పెట్టే అధికారం ఆ ప్రభుత్వానికి ఉంది, కనుక మెకిన్లీ అని రాస్తామంది. సింధుశాఖ ఇతర దేశాలతో పంచుకున్న జలం, నాలుగు వందల ఏళ్లకు పైబడిన పేరు, ఉత్తర్వు అమెరికా లోపలే చెల్లుతుంది, కనుక మెక్సికో పేరే రాస్తూ ట్రంప్ పెట్టిన పేరును ప్రస్తావిస్తామంది. ఫిబ్రవరిలో ఆ సంస్థ విలేకరులను ఓవల్ ఆఫీసులోకి రానివ్వలేదు, విషయం కోర్టుకెక్కింది. ఫలితం ఎలా ఉన్నా ఆ నిర్ణయంలోని పద్ధతి నాకు పాత కార్డులను గుర్తు చేసింది: పేరు, దాన్ని మార్చే హక్కు ఎవరిది, ఆ హక్కు ఎంతదూరం చెల్లుతుంది, ఎందుకు. 1977లో ఐక్యరాజ్యసమితి నామాల సమావేశం తీర్మానించింది కూడా దీన్నే. ఒకే దేశం అధీనంలో లేని చోట ఒప్పందం కుదరకపోతే, ఎవరి పేరునూ తోసిపుచ్చకుండా అన్నీ అంగీకరించాలని.

అరుణాచల్‌లోని స్థలాలకు చైనా పేర్లు ప్రకటించినప్పుడు కూడా ఈ ప్రశ్నలే పనికొస్తాయి. 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27. భారత్ ప్రతిసారీ తోసిపుచ్చింది. పేర్లు ప్రకటించారన్నది వార్త. ఆ జాబితాను పటంతో సహా అచ్చేయడం వేరే పని, అది వాళ్ల పనిని మనం చేసిపెట్టడం. ఎన్ని పేర్లో చెప్పి, మన ఊళ్లను మన పేర్లతోనే రాస్తే వార్త పూర్తవుతుంది.

'మ్యాపులో చూసి రాశాం' అన్న మాట ఇప్పుడు రుజువు కాదు. గూగుల్ మ్యాప్స్ మెక్సికో సింధుశాఖను అమెరికాలో ఒక పేరుతో, మెక్సికోలో మరో పేరుతో, మిగతా ప్రపంచంలో రెండింటితో చూపిస్తుంది. అట్ట ఊడిన అట్లాసుకు ఆ గుణం లేదు. అది ఏ ఊళ్లో తెరిచినా ఒకే పేరు చూపేది, ముద్రణ సంవత్సరం మొదటి పేజీలోనే ఉండేది.

ఆ సొరుగే ఉండి ఉంటే కజకిస్తాన్ రాజధాని కార్డు ఈపాటికి నిండిపోయి ఉండేది. పైన అక్మొలిన్‌స్క్, సన్నని అడ్డగీత. 1961, త్సెలినోగ్రాడ్, అడ్డగీత. 1992, అక్మొలా, అడ్డగీత. 1997లో రాజధాని ఆల్మటీ నుంచి ఇక్కడికి వచ్చిందని అంచున ఒక గుర్తు. 1998, అస్తానా, ఆ భాషలో రాజధాని అనే అర్థం, అడ్డగీత. 2019, నూర్‌సుల్తాన్, మాజీ అధ్యక్షుడి పేరున, అడ్డగీత. 2022 సెప్టెంబరు, అస్తానా. పక్కన విభక్తి రూపం: అస్తానాకు.